అంచు ఆదేశాలు

వెదుళ్ళపాలెం పురపాలక సంఘంలో కాగితాన్ని రద్దు చేసిన రోజున ఆ సంగతి తెలియజేస్తూ అందరికీ ఒక కాగితం పంచిపెట్టారు. ఇకమీదట ఏ ప్రతిపాదన అయినా ఆఫీసు గ్రూపులో మెసేజిగా పెట్టాలి. దాని మీద కమిషనర్ గారు బొటనవేలి బొమ్మ పెడితే ఆమోదం అయినట్టు, పెట్టకపోతే కానట్టు. సంతకాలు, నోటు ఫైళ్ళు, ఎర్ర సిరా, ఆకుపచ్చ సిరా ఆ పూటతో ఆఖరు. ఉన్న పెన్నులన్నీ స్టోరుకి అప్పగించి రసీదు తీసుకోమన్నారు. రసీదు రాయడానికి ఒక్క పెన్ను మాత్రం ఉంచారు.

ఇంతటి పాలన మామూలు ఫోనులో ఇమడదు కనక కౌన్సిల్ వారు ఏకగ్రీవంగా తీర్మానించి కమిషనర్ పరాంకుశం గారికి వంపు తెర ఫోను కొన్నారు. దాని తెర అందరి ఫోన్లలాగా అంచు దగ్గర ఆగదు. రెండు పక్కలా కిందికి వంగి అరచేతిలోకి జారిపోతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పట్టుకోవడానికి చోటుండదు. పగలకుండా అద్దం అంటిద్దామంటే ఆ వంపు మీద ఏ అద్దమూ ఒక పూట మించి నిలవలేదు.

పత్రికలవాళ్ళను పిలిచి ఫోను చూపించారు. "అంచుల్లేని ఫోను, అవధుల్లేని పాలన" అన్నారు పరాంకుశం గారు.

ఒక విలేఖరి లేచి, "ఆ వంపు వల్ల జనానికి ఉపయోగం ఏవిటండీ?" అని అడిగాడు.

"ప్రజల ముందు వంగడం ఈ పురపాలక సంఘం సంస్కృతి. ఆ సంస్కృతి మా ఫోనులో కూడా ప్రతిఫలించింది" అన్నారు కమిషనర్. అందరూ చప్పట్లు కొట్టారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, మన ఆఫీసుల్లో ఆ సామెత తలకిందులుగా నడుస్తుంది.

చప్పట్లు కొట్టనిది ఆ హాల్లో భూలక్ష్మి ఒక్కతే. కొట్టకూడదని కాదు, ఆమె ధ్యాస అక్కడ లేదు. ఆమె నీటి సరఫరా విభాగంలో అసిస్టెంటు ఇంజినీరు. ఊరికి చివర గోదావరి పాయ ఒడ్డున ఉన్న పడవలరేవు వీధిలో బోరు మోటారు కాలిపోయింది. ఆ వీధి మొత్తానికి అదే దిక్కు. కొత్త మోటారు పెట్టాలంటే కమిషనర్ గారి ఆమోదం కావాలి. ఎదురుగా ఏరు పారుతున్నా అది ఉప్పు కయ్య. బిందె ముంచితే రొయ్యలొస్తాయి తప్ప తాగే నీరు రాదు.

ఆ వీధిలో చేపలమ్మే నూకరత్నం మూడు మెట్లెక్కి ఆఫీసుకొచ్చి మరీ అడిగింది.

"ఏటమ్మా ఇంజినీరమ్మా, మా కుళాయిల్లో కందిరీగలు గూళ్ళెట్టేసినియ్యి. పక్కీదికెల్లి బిందెడితే ఆళ్ళు కాల్తో తన్నేత్తన్నారు. మేం సేపలమ్ముకునేటోళ్ళవని మా బిందెలకి కూడా నీసుంటాదా?"

"వారంలో పెట్టించేస్తానమ్మా" అంది భూలక్ష్మి. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అప్పటికింకా ఆమెకు ఆ ఫోను అసలు సంగతి తెలియదు.

తెలిసిన రోజున ఆమె కమిషనర్ గారి గదిలోనే ఉంది. పరాంకుశం గారు కుడిచేత్తో గారె తుంచుకుంటూ, ఎడమచేతిలో ఫోను పట్టుకుని, ఎదురుగా కూర్చున్న కౌన్సిలరుతో అల్లుడి ఉద్యోగం గురించి మాట్లాడుతున్నారు. ఫోను వంక చూడటం లేదు. ఆయన బొటనవేలి కింది కండ మాత్రం వంగిన తెర మీద మెత్తగా ఆనుకుని ఉంది. కాసేపు ఆనేసరికి తెర మీద బొమ్మల వరస ఒకటి లేచింది. ఆయన గారె కోసం కాస్త కదలగానే అందులో బొటనవేలు ఎంపికైంది. టప్పున చప్పుడైంది. ఆయన చట్నీ అందుకున్నారు.

సరిగ్గా ఆ క్షణాన శానిటరీ ఇన్‌స్పెక్టరు జగ్గప్ప, ఇంటావిడకు పెట్టవలసిన మెసేజిని ఆఫీసు గ్రూపులో పెట్టి ఉన్నాడు. "వచ్చేటప్పుడు వంకాయలు తెస్తాను, గుత్తి వంకాయ చెయ్యి." తప్పు తెలుసుకుని చెరిపేద్దామనుకునేలోపు దాని మీద కమిషనర్ గారి బొటనవేలు పడిపోయింది.

మేనేజరు గవర్రాజు ఈ ఆఫీసులో గుమాస్తాగా చేరి జుట్టు నెరిసినవాడు. దున్నపోతు ఈనిందని పైవాళ్ళంటే, దూడను కట్టెయ్యడమే కాదు, ఆ దూడకు మేత పద్దు కూడా తెరవగల సమర్థుడు. వెంటనే జగ్గప్పను పిలిచాడు.

"సదరు మీ ప్రతిపాదనను కమిషనర్ వారు సాదరంగా ఆమోదించియున్నారు. ఇందులో వంకాయలు తెచ్చుట, గుత్తి వంకాయ చేయుట అను రెండంశములున్నవి. ఎన్ని, ఎవరికి, ఏ పద్దు కింద అన్నది మీరు రాయలేదు. అందుచేత మొత్తం సిబ్బందికి, పారిశుద్ధ్యం పద్దు కిందే భావించవలసి ఉంటుంది."

"అయ్యా, అది మా ఆవిడకి పెట్టిందండి!"

"ఆమోదం కాకముందు అది మీ ఆవిడకు సంబంధించిన విషయం. ఆమోదమయ్యాక ప్రభుత్వానికి సంబంధించిన విషయం. తమరు మార్కెట్టుకి దయచేయండి."

మధ్యాహ్నానికి రికార్డు గదిలో వంకాయ బస్తాలు దిగాయి. వీధులూడ్చేవాళ్ళు ఆవరణలో పొయ్యిలు పెట్టి కూర వండారు. బావుందని అందరూ అన్నారు. ఆవాళ ఊళ్ళో చెత్త ఎత్తలేదు.

ఊరుకోవడం చేతకాక భూలక్ష్మి గవర్రాజు దగ్గరికి వెళ్ళింది. "అది ఆమోదం కాదండీ గవర్రాజు గారూ. ఆయన చూడను కూడా చూళ్ళేదు. చెయ్యి తగిలిందంతే. నేనక్కడే ఉన్నాను."

గవర్రాజు లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఆ మాట గోడలక్కూడా చెప్పకండమ్మా, ఆయ్. చెయ్యి తగిలిందంటే ఫోను మంచిది కాదన్నట్టు. ఫోను మంచిది కాదంటే తీర్మానం మంచిది కాదన్నట్టు. తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ళు కౌన్సిలర్లందరూను. వాళ్ళను ఎన్నుకున్నది ఊరంతానూ. మీరిప్పుడు ఊరంతా తప్పంటారా?"

"నేనంటున్నది ఒక్క వంకాయల గురించేనండీ."

"వంకాయల దగ్గర మొదలుపెట్టే ప్రజాస్వామ్యం దాకా వెళ్తారమ్మా ఎవరైనా" అన్నాడు గవర్రాజు బాధగా.

ఆ సాయంత్రమే ఆయన 'అంచు ఆదేశాల విభాగం' అని ఒకటి ఏర్పాటు చేశాడు. కమిషనర్ వారి ఫోను నుంచి వెలువడే ప్రతి బొమ్మకూ అర్థం కట్టి అమలు చేయించడం ఆ విభాగం పని. బొటనవేలంటే ఆమోదం. ఎర్ర గుండె అంటే అత్యవసరం. నవ్వే మొహం వస్తే ప్రతిపాదన తిప్పి పంపాలి. నోరు తెరిచిన మొహం వస్తే సంజాయిషీ అడగాలి. రెండు చేతులు జోడించిన బొమ్మ వస్తే మాత్రం పైఅధికారులకు నివేదించాలి, ఎందుకంటే కమిషనర్ వారు దండం పెట్టేది వాళ్ళకే కదా.

విభాగం పని జోరుగా సాగింది. వీధి దీపాల ఫోర్‌మన్ ఒకడు అలవాటుగా చందమామ బొమ్మ మీద 'శుభరాత్రి' అని రాసి పెడితే దాని మీద గుండె పడింది. ఆ పూట నుంచి ఊరికి శుభరాత్రి త్వరగా చేయడం అత్యవసరమైపోయి, పొద్దుగుంకగానే దీపాలన్నీ ఆర్పేశారు. జనం తడుముకుంటూ తిరిగి కాలవల్లో పడ్డారు. రిటైరైన బిల్లు కలెక్టరు కాలం చేశాడని ఒకరు విచారం తెలియజేస్తే దాని మీద బొటనవేలు పడింది. "మీ తండ్రి గారి మరణమును కమిషనర్ వారు ఆమోదించియున్నారని తెలియజేయుటకు సంతోషించుచున్నాము" అని ఆ ఇంటికి వర్తమానం వెళ్ళింది. వాళ్ళు దాన్ని పటం కట్టించుకున్నారు. ఆ పెద్దాయనకు బతికుండగా ఈ ఆఫీసులో సెలవు కూడా ఏనాడూ మంజూరు కాలేదు మరి.

ఇంత జరుగుతున్నా మోటారు మెసేజి మీద మాత్రం ఆ చెయ్యి పడలేదు. కారణం భూలక్ష్మికి త్వరలోనే అర్థమైంది. మన ఆఫీసుల్లో ఎవరు ఏ మెసేజి పెట్టినా, అది తమకు సంబంధించినదైనా కాకపోయినా, కింద వరసపెట్టి అందరూ 'నోటెడ్ సార్' అని పెట్టాలి. పెట్టనివాడు నోటు చేసుకోనట్టు లెక్క. "పడవలరేవు వీధి వాసులు నీరు లేక బాధపడుతున్నారు, మోటారు మంజూరు చేయ ప్రార్థన" అని ఆమె పెట్టీ పెట్టగానే 'నోటెడ్ సార్'లు వెల్లువగా వచ్చిపడి ఆ ప్రార్థనను తెర మీద నుంచి పైకి నెట్టేసేవి. కమిషనర్ గారి అరచెయ్యి వచ్చేసరికి కింద నోటెడ్ సార్లే ఉండేవి. వాటికి ఆమోదాలు రావడంతో, అప్పటికే నోటు చేసుకున్నవాళ్ళందరూ మళ్ళీ నోటు చేసుకోవలసి వచ్చింది.

కాంట్రాక్టరు సూరిబాబుకు ఈ బాధ లేదు. అతను పని మీద దృష్టి ఉన్న మనిషి. ఫోను వచ్చిన వారంలోనే కమిషనర్ గారి చేతిని క్షుణ్ణంగా చదివేశాడు. పూతరేకులు పట్టుకెళ్ళేవాడు. పూతరేకు ఒక చేత్తో తినాలి, రెండో చెయ్యి కింద పట్టాలి, లేకపోతే పొడి చొక్కా మీద రాలుతుంది. కింద పట్టే చేతిలోనే ఫోను ఉంటుంది. ఆ చెయ్యి బిగుసుకునే ముహూర్తానికి, ఆ గదిలోనే కూర్చుని, బల్ల కిందనుంచి తన బిల్లు మెసేజి నొక్కేవాడు. ఊళ్ళో రోడ్లు లేకపోయినా రోడ్ల బిల్లులన్నీ ఆమోదమైపోయాయి. తక్కిన కాంట్రాక్టర్లు కాజాలు, జీళ్ళు ప్రయత్నించి పూతరేకుకు సాటి రాదని తేల్చారు.

భూలక్ష్మికి అది నచ్చలేదు. నచ్చకపోయినా నీళ్ళు కావాలి. ఒకరోజు సూరిబాబు పొట్లం విప్పే వేళ కనిపెట్టి, వరండాలో నిలబడి, గ్రూపులో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే బతిమాలుకుంది. "ఈ ఒక్కసారికి నోటు చేసుకోకండి బాబూ." వాళ్ళు ప్రాణం మీదికొచ్చినట్టు మొహాలు పెట్టి సరేనన్నారు. ఆమె మెసేజి పెట్టింది. గదిలో పూతరేకు విరిగిన చప్పుడు తలుపు సందులోంచి వినబడింది. ఫోను టప్పుమంది.

ఆమె ఆత్రంగా తన ఫోను చూసుకుంది. మోటారు మెసేజి మీద ఏడుస్తున్న మొహం ఉంది.

అంచు ఆదేశాల విభాగం వారు దీని మీద ఒక పూట చర్చించారు. తరవాత గవర్రాజు ఆమెను పిలిచి కుర్చీ చూపించి, మంచినీళ్ళు కూడా ఇప్పించాడు.

"సదరు వీధి వాసుల కష్టాలకు కమిషనర్ వారు కన్నీరు పెట్టుకునియున్నారు. ఇంతకు ముందు ఏ కమిషనరూ ఆ వీధి కోసం ఏడ్చిన దాఖలా లేదమ్మా. అందుచేత మీ ప్రతిపాదన సానుభూతిపూర్వకంగా తిరస్కరించడమైనది."

"ఏడిస్తే మంజూరు చెయ్యాలి కదండీ?"

"మంజూరు చేసేవాళ్ళు ఏడవరమ్మా. చెయ్యలేనివాళ్ళే ఏడుస్తారు" అన్నాడు గవర్రాజు. అబద్ధం చెప్పలేదని ఆమెకూ తెలుసు.

పడవలరేవు వీధికి ఆ కబురు మోసుకెళ్ళవలసింది ఆమే. నూకరత్నం వాకిట్లో చేపల తట్ట కడుగుతోంది. కడగడానికి ఉప్పునీళ్ళే. విన్నాక కడగడం ఆపింది.

"ఏడిసేడా? పాపం. ఆ కన్నీళ్ళేవో ఓ బిందెడు ఇటంపమనండమ్మా, తాగుతాం" అంది. తట్ట బోర్లించి లోపలికి పోయింది. భూలక్ష్మికి సిగ్గేసింది. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

ఇంతలో చీకట్లో కాలవలో పడి కాలు విరిగిన ఒకాయన పత్రికకెక్కాడు. 'వంపు తెర: వరమా, వట్టి హంగా?' అని పెద్దక్షరాలతో వార్త వచ్చింది. ప్రభుత్వం వెంటనే స్పందించి, విశ్రాంత అధికారులు ముగ్గురితో ఒక సంఘం వేసింది. సదరు ఫోను తెరకుగల వంపు వల్ల పరిపాలనకు నిజమైన ప్రయోజనమున్నదా, లేక అది కేవలం ఆర్భాటమా అన్నది వారు తేల్చాలి. ముగ్గురూ అతిథి గృహంలో దిగి కోడిపలావుతో విచారణ ప్రారంభించారు.

సంఘం వారు భూలక్ష్మిని కూడా పిలిచారు. ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. చెయ్యి ఆనుతోంది, బొమ్మలు పడుతున్నాయి, అవి నిర్ణయాలు కావు అంది.

"అది మీ అభిప్రాయం" అన్నాడు అధ్యక్షుడు. "సంఘం శాస్త్రీయ పద్ధతిలో పోతుంది. వంపును కొంతకాలం నిర్వీర్యం చేసి, అప్పుడేమగునో పరిశీలించెదము."

ఫోనుకు లావుపాటి రబ్బరు తొడుగు ఒకటి వేయించారు. అది తెర అంచుల మీదికి గట్టులా లేచింది. ఇక అరచెయ్యి ఎంత ఆనినా తెరకు తగలదు. ఆ ఉదయం నుంచి ఊళ్ళో పాలన ఆగిపోయింది. ఆమోదం లేదు, తిరస్కారం లేదు, కన్నీరు కూడా లేదు. చెత్త బళ్ళకు డీజిలు లేదు, దీపాలు వేసేందుకూ ఆర్పేందుకూ ఉత్తర్వు లేదు. జీతాల మెసేజి మీద కూడా ఏ బొమ్మా పడలేదు. సూరిబాబు పూతరేకులు తెచ్చి తెచ్చి చివరికి తనే తినేశాడు.

భూలక్ష్మి పట్టలేక మళ్ళీ సంఘం దగ్గరికి వెళ్ళింది. "తొడుగున్నా వేలితో నొక్కొచ్చు కదండీ? తెర మధ్యలో బాగానే పనిచేస్తుంది."

"నొక్కవచ్చును" అన్నాడు అధ్యక్షుడు. "కానీ నొక్కలేదు. సంఘం జరిగినదానిని మాత్రమే పరిశీలించును, జరగగలదానిని కాదు."

నివేదిక తయారైంది. వంపు ఉన్నంతకాలం నిర్ణయాలు పుంఖానుపుంఖాలుగా వెలువడినవి, వంపు తొలగించగానే నిర్ణయమన్నది పుట్టలేదు, కావున ఈ పురపాలక సంఘంలో నిర్ణయాధికారం వంపునందే నిక్షిప్తమై యున్నదని నిర్ద్వంద్వంగా రుజువైనది అని రాశారు. ఇంతటి ప్రయోజనకరమైన ఫోను రాష్ట్రంలోని ప్రతి అధికారికీ ఇవ్వాలని సిఫారసు చేశారు. నివేదిక ప్రభుత్వానికి చేరి ఆమోదం పొందేదాకా ఈ ఫోను సాక్ష్యాధారం కనక తొడుగు తియ్యరాదన్నారు. అది ఎన్నాళ్ళన్నది రాయలేదు. పలావు ఆకులు ఎత్తేసి రైలెక్కారు.

అంటే ఇంకెన్నాళ్ళయినా మోటారు రాదన్నమాట. ఎండలు ముదురుతున్నాయి. పక్క వీధి కుళాయి దగ్గర కొట్లాటలో నూకరత్నం కోడలికి నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. ఆ కబురు విన్న మధ్యాహ్నం భూలక్ష్మి నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి, ఒక తెల్లకాగితం ఆయన ముందు పెట్టింది.

"సంతకం పెట్టండి సార్. ఒక్క మోటారు. ఆనక నన్ను ఏం చేసినా సరే."

పరాంకుశం గారు ఆ కాగితాన్ని చూసి కుర్చీ వెనక్కి జరిపారు. పాము పడగ విప్పినా మనిషి అంత వెనక్కి జరగడు. కాసేపటికి లేచి కిటికీ మూశారు.

"కూర్చోండి భూలక్ష్మి గారూ. మీరు మంచివారు. మీకొక మాట చెప్తాను. నాతోపాటు ఉద్యోగంలో చేరినవాళ్ళలో ముగ్గురు తెలిసి సంతకాలు పెట్టారు. ఒకాయన వంతెన కట్టించాడు. వంతెన బాగానే ఉంది, ఆయనే కోర్టుకి నడుస్తున్నాడు. ఇంకొకాయన ఆస్పత్రికి మంచాలు కొన్నాడు. ఇప్పుడాయనకి పెన్షను లేదు. మూడో ఆయన పేరు ఎవరూ ఎత్తరు. నేను పెట్టలేదు. అందుకే ఈ కుర్చీలో ఉన్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఆ ఆమోదాలన్నీ..."

"నావి కావు కదండీ!" ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. "అదే కదా దీని గొప్ప. ఆమోదం ఉండాలి, ఆమోదించినవాడు ఉండకూడదు. మన డిపార్టుమెంటు పుట్టిన దగ్గరనుంచీ దీనికోసమే వెతుకుతోంది. కమిటీలు వేశాం, ఉపకమిటీలు వేశాం, ఎంత వేసినా చివర ఎవడో ఒకడు దొరికిపోయేవాడు. తిలా పాపం తలా పిడికెడు పంచినా నా వాటాకో పిడికెడు వచ్చేది. ఈ ఫోనులో అదీ లేదు. తగిలింది, అంతే. అందరూ హంగు అంటారు, హంగు అంటారు! ఇంత ఉపయోగమైన వస్తువు నా జన్మలో చూళ్ళేదు."

 ఇన్నాళ్ళూ భూలక్ష్మి ఆయన్ని ఏమీ తెలియని మనిషి అనుకుంది. ఆయనకు మొదటి వంకాయ నుంచీ అంతా తెలుసు. ఆమెకు ఒళ్ళు మండింది. మండుతూనే, ఆ కాగితానికి అంత దూరంలో ఒదిగి కూర్చున్న పెద్దమనిషిని చూస్తే జాలి కూడా వేసింది.

"అక్కడ ఆడవాళ్ళు తలకాయలు పగలగొట్టుకుంటున్నారు సార్" అంది.

ఆయన ఫోను వంక చూశారు. తరవాత, ఎవరితోనో అన్నట్టుగా, "ఈ తొడుగు వల్ల అరచెయ్యి ఒకటే చెమట. కాస్త ఆరబెట్టుకుంటే తప్పు లేదేమో" అంటూ మెల్లగా దాన్ని ఊడదీశారు. ఫోను ఎడమచేతిలోకి తీసుకున్నారు. "ఏవిటో భూలక్ష్మి గారూ, ఈ వేళ ఇంకా కాఫీ రాలేదు."

ఆమెకు అర్థమైంది. లేచి తనే క్యాంటీనుకు వెళ్ళింది. గ్లాసు నిండా, పొర్లేటట్టుగా, పొగలు కక్కే కాఫీ పోయించుకుని తెచ్చింది. దారిలోనే మోటారు మెసేజి మళ్ళీ గ్రూపులో పెట్టింది. జీతాలు రాని జనం అప్పటికి నోటు చేసుకోవడం కూడా మానేశారు.

ఆయన కుడిచేత్తో గ్లాసు అందుకున్నారు. కాఫీ వేడిగా ఉంది, చెయ్యి వణికింది, రెండో చెయ్యి బిగిసింది. భూలక్ష్మి కళ్ళార్పకుండా చూసింది. ఈసారి ఆయన కళ్ళు కూడా తెర మీదే ఉన్నాయి. బొమ్మల వరస లేచాక ఆ అరచెయ్యి వెంట్రుకవాసి జరిగి, వెతుక్కుని, బొటనవేలి మీద ఆగింది.

"అరెరే, తగిలిందంటారా?" అన్నారు.

"తగిలిందండి" అంది భూలక్ష్మి.

తొడుగు వెంటనే మళ్ళీ ఎక్కింది, మోటారు మర్నాడే దిగింది. పడవలరేవు వీధిలో కుళాయి తిప్పితే ముందు గాలి, ఆ తరవాత తుప్పు, ఆ వెనక నీళ్ళు వచ్చాయి. నూకరత్నం మొదటి బిందె తీసుకెళ్ళి కోడలి తల మీద గుమ్మరించింది. నుదుటికి కుట్లున్నాయని, డాక్టరు తడపొద్దన్నాడని ఎవరో అరిచారు. "కుట్లు మల్లీ ఏయించుకోవచ్చు, నీల్లు మల్లీ వత్తాయో రావో!" అందావిడ. వీధంతా నవ్వింది, ఆ నవ్వుల్లో భూలక్ష్మి కూడా కలిసింది. చాలా రోజుల తరవాత ఆమెకు అన్నం హితవైంది.

నెల తిరక్కుండా ఆడిట్ వాళ్ళు దిగారు. సాక్ష్యాధారంగా ఉన్న ఫోను నుంచి ఒక ఆమోదం ఎలా వచ్చిందని పట్టుకున్నారు. వంకాయల జోలికి పోలేదు, లేని రోడ్ల జోలికీ పోలేదు. అవన్నీ వంపు చేసిన నిర్ణయాలు, వంపుకు సర్వీసు నిబంధనలు వర్తించవు. కమిషనర్ వారిని అడిగితే ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. తనకు తెలిసి ఏమీ చేయలేదని, కాఫీ వేడికి చెయ్యి బిగిసిందని, ఆ కాఫీ తెచ్చి ఇచ్చినది ఫలానా అసిస్టెంటు ఇంజినీరని.

గవర్రాజు మెమో పట్టుకుని భూలక్ష్మి బల్ల దగ్గరికి వచ్చాడు. చదివి వినిపించాడు.

"ఫలానా తేదీన కమిషనర్ వారికి అవసరమునకు మించిన వేడిగల కాఫీని అందించుటలో మీ ఉద్దేశమేమి? సదరు కాఫీ యాదృచ్ఛికముగా ఇచ్చితిరా, లేక ఏదేని ప్రయోజనమును ఆశించి ఇచ్చితిరా? సంజాయిషీ ఇవ్వనిచో ఇంక్రిమెంటు నిలుపుదల, అవసరమైనచో సస్పెన్షను..." ఆపేసి కళ్ళజోడు తీశాడు. పక్క కుర్చీలో కూలబడి గొంతు తగ్గించాడు. "ఏవీ లేదమ్మా, చాలా తేలిక. పొరపాటున ఇచ్చానని ఒక్క ముక్క రాసెయ్యండి. పొరపాటంటే ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏవీ అనరు. ఈ ఆఫీసు నడిచేదే దాని మీద. తెలిసి ఇచ్చానన్నారో, ఈ మొత్తం వ్యవహారంలో తెలిసి చేసిన పని అదొక్కటే అవుతుంది. అందరి పాపమూ మీ మెడకి చుట్టేస్తారు. ఇద్దరు పిల్లల తల్లి, ఆలోచించుకోండి."

ఆయన మంచికే చెబుతున్నాడని భూలక్ష్మికి తెలుసు. ఆలోచించుకుంది కూడా. ఇంటి అప్పు, చిన్నదాని కాలేజీ ఫీజు, అన్నీ కళ్ళ ముందు కదిలాయి. పొరపాటు అని రాస్తే సరిపోతుంది. కానీ ఆ నీళ్ళు పొరపాటున వచ్చినవి అయిపోతాయి. పొరపాటున వచ్చినదాన్ని రేపెవరైనా దిద్దెయ్యవచ్చు. మోటారు విప్పుకుపోవడానికి వీళ్ళకు ఒక అరచెయ్యి చాలు.

స్టోరుకి వెళ్ళి, రసీదుల కోసం ఉంచిన ఆ ఒక్క పెన్నూ అడిగి తీసుకుంది. ఆమె రాయడం చూసి పక్క సెక్షన్లవాళ్ళు కుర్చీలు వెనక్కి నెట్టి ఒక్కొక్కరే లేచి వచ్చారు. జగ్గప్ప ముందుకి దూరి నిలబడ్డాడు. 

"కాఫీ నేనే తెచ్చాను. కావాలనే వేడిగా తెచ్చాను. పడవలరేవు వీధికి నీళ్ళు రావాలని తెచ్చాను. ఇందులో పొరపాటు ఏమీ లేదు" అని రాసింది. కింద పేరు, హోదా, తేదీ వేసి, పొడి అక్షరాలతో సరిపెట్టకుండా ఇంటిపేరుతో సహా నిండుగా సంతకం పెట్టింది.

గవర్రాజు ఆ కాగితాన్ని అందుకుని, సిరా ఆరేదాకా రెండు చేతులతో విడిగా పట్టుకున్నాడు.

"భయం వెయ్యలేదామ్మా?" అన్నాడు.

"వేసిందండి" అంది భూలక్ష్మి. నీళ్ళు వదిలే వేళయింది. పెన్ను స్టోరుకి అప్పగించేసి, వాల్వు తిప్పడానికి పడవలరేవు వీధికి బయలుదేరింది.